పాత కాటా దగ్గర పట్టేసిన బ్రేకు

పాత కాటా పేరెత్తితే మా జగ్గయ్యపేటలో మీసాలున్న మగాళ్ళు కూడా మాట మార్చేస్తారు. నందిగామ నుంచి వచ్చేటప్పుడు హైవే దిగి పాత రోడ్డు పట్టుకుంటే, ఎత్తు ఎక్కే చోట ఎడమ పక్కన కనిపిస్తుంది. ఒకప్పుడు పత్తి లారీలు తూచిన కాటా. పైరేకులు ఎగిరిపోయాయి, ఇనుప పలక తుప్పు పట్టింది, గుమాస్తా గదికి తలుపు లేదు. మిట్టమధ్యాహ్నం కూడా ఆ నీడన ఎవరూ బండి ఆపరు.

అక్కడున్నది ఒక ఆడది. గరికపాడు లారీ డ్రైవరు భార్యట. మొగుడు లారీలో ఇంకొకామెను ఎక్కించుకు తిరుగుతున్నాడని తెలిసి, ఒక రాత్రి కాటా దగ్గర లారీకి అడ్డంగా నిలబడిందట. అతను చూసుకోలేదో... చూసే పోనిచ్చాడో...

అప్పటినుంచీ, సొంత పెళ్ళాన్ని ఎక్కించుకుని వెళ్ళేవాణ్ణి ఆమె ఏమీ అనదు. పరాయి ఆడదాన్ని వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడా — వెనక చక్రం పట్టేసుకుంటుంది.

ఈ సంగతి విని అందరూ భయపడ్డారు. నాకు మాత్రం ఆమె మీద అభిమానం పుట్టింది. ఎందుకో దాచను, చెప్పేస్తాను.

మా ఆయన శాంతికుమార్ నందిగామ దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు. చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు వంగదు. అందుకే ఆయనది మూడు చక్రాల మోటారు సైకిలు. వెనక చక్రం తీసేయించి, ఇరుసు వేయించి, రెండు చక్రాలు పెట్టించాం. దానికి స్టాండు ఉండదు. ఎక్కడ ఆపినా పక్కనున్న హ్యాండ్ బ్రేకు లాగాల్సిందే. ఆ బ్రేకు కేబులు సాగినప్పుడల్లా కింద కూర్చుని నట్టు బిగించాలి. ఆయన కింద కూర్చోలేరు. పెళ్ళైన నెలకే స్పానరు నా చేతికిచ్చి, పైన నిలబడి టార్చి వేసి నేర్పారు. పదకొండేళ్ళుగా ఆ నట్టు నాది. ఆ వెనక సీటూ నాదే.

మొన్న జూలైలో గ్రేసీ టీచరు వచ్చేదాకా.

ఇంగ్లీషు చెబుతుంది. ముప్ఫై దాటలేదు, పెళ్ళి కాలేదు. చర్చిలో పాట ఎత్తుకుంటే ముందు వరసలో వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూస్తారు. మా వీధి చివరే అద్దెకు దిగింది. బుధవారాలు పదో తరగతికి సాయంత్రం క్లాసులు పెట్టారు. అవి అయ్యేసరికి ఆమె బస్సు వెళ్ళిపోతుంది.

“ఆడపిల్ల, రోడ్డు మీద ఎంతసేపని నిలబడుద్ది కృపా? నేనే దింపేస్తా,” అన్నారు ఆయన.

“అయ్యో, దింపండి. పాపం,” అన్నాను నేను.

అనకేం చేస్తాను? అనేసి వంటింట్లోకి వెళ్ళి గోంగూర పచ్చడి నూరాను. అది పచ్చడి దాటి ఎప్పుడు గంధమైపోయిందో నాకే తెలియదు.

ఆగస్టులో ఒక బుధవారం ఆయన ఎనిమిదిన్నరకు వచ్చారు. ఎప్పుడూ ఏడుంబావుకు వచ్చే మనిషి. చొక్కా చెమటతో తడిసిపోయింది. చెంబుడు నీళ్ళు తాగి అప్పుడు చెప్పారు. విన్నది విన్నట్టే చెబుతున్నాను.

పాత రోడ్డు ఎక్కేసరికి చీకటి పడిందట. ముందూ వెనకా ఒక్క బండి లేదు. ఎత్తు మొదలైంది... కాటా గది మసగ్గా కనిపించింది... అక్కడ బండి బరువెక్కింది. ఇంకొక మనిషి వచ్చి ఎక్కినట్టు.

గేరు తగ్గించారు. ఇంకా బరువెక్కింది. ఇంజను గోల పెడుతోంది, చక్రాలు తిరగడం లేదు. సరిగ్గా ఆ తలుపు లేని గది ఎదురుగా — ఆగిపోయింది.

హ్యాండ్ బ్రేకు చూసుకున్నారు. దించే ఉంది. లాగి వదిలారు. మళ్ళీ లాగి వదిలారు. బండి ముందుకు పోలేదు సరికదా, అంత ఎత్తులో వెనక్కి కూడా జారలేదు. ఎవరో పట్టుకున్నట్టు నిలబడిపోయింది.

ఇంజను ఆపారు. అప్పుడు వినిపించింది.

టిక్... టిక్... టిక్...

వెనక చక్రం దగ్గర. గోటితో ఇనుము మీద కొడుతున్నట్టు.

“సార్... ఎవరో ఉన్నారు,” అందట గ్రేసీ, పెదవి కదలకుండా.

“ఎవరూ లేరు. దిగకండి.”

దిగిందట! దిగి, చక్రం పక్కన గొంతుక్కూర్చుని, లోపలికి చెయ్యి పెట్టి — కెవ్వుమని వెనక్కి లాక్కుంది.

“జ్వరమొచ్చిన ఒళ్ళులా కాలిపోతోంది సార్...”

పరిగెత్తడానికి ఆయన కాలు సహకరించదు. ఆయన్ని వదిలి ఆమె పోలేదు. ఇద్దరూ ఆ ఇనుప పలక అంచున కూర్చున్నారు. ఆమె కళ్ళు మూసుకుని సన్నగా కీర్తన ఎత్తుకుంది. పాడుతూనే ఉంది... అరగంట. టిక్‌టిక్ ఆగిపోయింది. ఆయన లేచి బండి తోసి చూశారు. సుతారంగా కదిలిందట.

“పాట విని చక్రం వదిలేసింది కృపా,” అన్నారు. “గ్రేసీ గారు లేకపోతే ఏమైపోయేవాణ్ణో...”

నా మొహం మాడిపోయింది. చీకట్లో ఆయనకు కనిపించలేదు.

ఎందుకంటే ఆ రోజు చక్రం పట్టుకున్నది దెయ్యం కాదు. నేను.

ముందు రోజు అన్నం పెడుతూ కాటా ఆడదాని కథ ఆయనకు మళ్ళీ గుర్తు చేశాను. బుధవారం తెల్లవారకముందే లేచి ఆ నట్టు నాలుగు చుట్లు బిగించాను. పొద్దున వెళ్ళేటప్పుడు ఆ చోటు పల్లం, మనిషి ఒక్కరే, అంతగా తెలియదు. సాయంత్రం ఇద్దరి బరువు, ఆపైన ఎత్తు. బ్రేకు రాసుకుని రాసుకుని, వేడెక్కి పట్టేస్తుంది. చల్లారితే వదిలేస్తుంది. ఆ టిక్‌టిక్ ఇనుము చల్లారే చప్పుడు. పదకొండేళ్ళు ఆ బండి కింద కూర్చున్నదాన్ని, నాకు తెలియదా?

గ్రేసీ హడలిపోయి మర్నాటినుంచి ఆటో చూసుకుంటుందనుకున్నాను. గురువారం పొద్దున్నే నట్టు వదులు చేసేసి, ఏమీ ఎరగనట్టు టీ పెట్టాను.

ఆ పై బుధవారం మళ్ళీ ఎక్కింది. నేనూ మళ్ళీ బిగించాను. ఈసారి ఎనిమిదీ ముప్పావు. భయం మాట అటుంచి, ఆయన ముఖం పండగలా ఉంది. ఆమెకు తండ్రి లేడట, చెవిటికల్లులో కృష్ణ ఒడ్డున పెరిగిందట, లెక్కలంటే చిన్నప్పుడు ఏడ్చేదట. అరగంటలో ఎన్ని కబుర్లు!

అప్పుడు తెలిసొచ్చింది నా తెలివి. వాళ్ళిద్దరినీ చీకట్లో పక్కపక్కన కూర్చోబెట్టింది ఎవరు? నేనే. తెల్లారగానే నట్టు వదులు చేసేసి, స్పానరు తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక పడేశాను. ఇక ఆ నట్టు ముట్టుకోలేదు.

మూడో బుధవారం ఆయన తొమ్మిదికి వచ్చారు.

“మళ్ళీ పట్టేసింది కృపా. అక్కడే...”

నా చేతిలో అన్నం గరిటె ఆగిపోయింది. నేను బిగించలేదు. మరి ఎవరు పట్టుకున్నారు? ఆ రాత్రి నాకు కునుకు పట్టలేదు. ఆ ఆడది నిజంగానే ఉందా? నా తరఫున నిలబడిందా? ఒళ్ళు జలదరించింది. అబద్ధమెందుకు, కొంచెం సంతోషం కూడా వేసింది.

నాలుగో బుధవారం. తొమ్మిదింబావు.

ఇక ఆగలేక, మర్నాడు మధ్యాహ్నం మెకానిక్ సతీష్‌బాబు దగ్గరికి వెళ్ళాను. మా బండికి ఇరుసు వేసింది అతనే.

“నట్టు వదులుగా ఉన్నా బ్రేకు పట్టుద్దా, సతీష్‌బాబూ?”

“మీ బండా అక్కా? పట్టమన్నా పట్టదు. కేబులు, షూలు, స్ప్రింగులు — మొత్తం కొత్తయి వేసాగా! సారు చెప్పలా?”

“ఎప్పుడూ?”

“పదిహేను రోజులైంది. గురువారం సాయంత్రం. కూడా టీచరమ్మ వచ్చారు. కరెంటు పోతే పని అయ్యేదాకా ఆమే టార్చి పట్టుకున్నారు.”

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. రెండోసారి పట్టేసిన మర్నాడు అన్నమాట. ఆ తరవాత రెండు బుధవారాలు ఆగిన బండి...

“ఎందుకక్కా, మళ్ళీ పట్టిందా? పట్టిందంటే ఇంటికొచ్చాక కూడా చక్రం లోపల కాలుతుండుద్ది. చెయ్యి పెట్టి చూడండి, తెలిసిపోద్ది.”

మళ్ళీ బుధవారం వచ్చింది. ఎనిమిది... ఎనిమిదిన్నర... తొమ్మిది. గుమ్మంలోనే కూర్చున్నాను. తొమ్మిదిన్నరకు బండి లోపలికి వచ్చింది.

“పట్టుకుందా?” అన్నాను.

“ఆఁ... అరగంట పైనే,” అన్నారు నా వైపు చూడకుండా. “గ్రేసీ పాపం హడలిపోయింది.”

‘గారు’ ఎప్పుడు పోయిందో నేను గమనించుకోలేదు.

ఆయన పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నారు. నేను బండి పక్కన చీకట్లో కూర్చుని, చక్రం లోపలికి చెయ్యి పోనిచ్చాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను.

చల్లగా ఉంది. రెండో చక్రం చూశాను — అదీ చల్లగానే ఉంది.

దెయ్యాలున్నాయంటే మా పాస్టరుగారు ఒప్పుకోరు. నేనూ నమ్మను. అయినా ఆ చక్రం మీద చెయ్యి అలాగే ఉంచి ప్రార్థన చేశాను. ప్రభువా, ఆ కాటా దగ్గర నిజంగా ఒక దెయ్యం ఉండేటట్టు చూడు తండ్రీ...