చాకలి మూల నుంచి వచ్చినది

పాతకాలపు రోమ్ దగ్గరి ఓస్తియా ఊళ్ళో చాకలి మూల అంటే, చీకటి పడ్డాక కుక్కలు కూడా చుట్టు తిరిగి పోయేవట. పగలు వెళ్ళినా ముక్కు మూసుకోవాల్సిందే. బట్టల మురికి వదలడానికి ఉచ్చ కావాలని చాకళ్ళు అక్కడ కుండలు పెట్టేవాళ్ళు. దారినపోయే మగాళ్ళంతా వాటిలో ఉచ్చ పోసి పోయేవాళ్ళు. ఆ కుండల వెనక పెంట. తండ్రులు వద్దనుకున్న పసిగుడ్లను ఆ పెంట మీదే వదిలేసేవాళ్ళు.

రాత్రిళ్ళు అక్కడ ఏడుపు వినిపిస్తుందని చెప్పుకునేవాళ్ళు. పిల్లి అని కొందరు, గాలి అని కొందరు... దాది థల్లూసా మాత్రం ఆ మాట వినగానే చేతులు తోముకోవడానికి పోయేది. మూడేళ్ళ కిందట యజమాని నుమేరియస్ మొదటి కూతుర్ని తీసుకెళ్ళి అక్కడ పెట్టొచ్చింది ఆవిడే. ఎన్నిసార్లు తోముకున్నా తన చేతులకి ఆ కంపు పోలేదని ఆవిడ బాధ.

మే నెలలో చచ్చినవాళ్ళు ఇళ్ళకి తిరిగొచ్చే రాత్రులుంటాయి. ఇంటి యజమాని అర్ధరాత్రి చిక్కుడు గింజలు వెనక్కి విసిరి వాళ్ళని సాగనంపాలి. అలాంటి ఒక రోజే, పొద్దు కుంకే వేళ, యజమానురాలు వెట్టియాకి మళ్ళీ ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని బిడ్డని నట్టింట్లో, నేల మీద, తండ్రి కాళ్ళ దగ్గర పడుకోబెట్టింది. తండ్రి వంగి ఎత్తుకుంటే బిడ్డ ఆ ఇంటిది. ఎత్తుకోకపోతే — పెంటదే.

నుమేరియస్ వంగలేదు. బిడ్డని దాటుకుని భోజనానికి వెళ్ళాడు.

"మళ్ళీ ఆడదేనా? థూ!" చేప ముల్లు ఊస్తూ థల్లూసాతో అన్నాడు. "ఒసే ముసలీ, అర్ధరాత్రి నా తంతు కాగానే దాన్ని మూలకి తీసుకుపో. ఈలోగా ఎవరైనా పాలు పట్టారో, తోలు తీస్తా."

నేల మీద పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తోంది. లోపల తల్లికి పాలు కారి కట్టుబట్ట తడిసిపోతోంది. ఈ మహానుభావుడేమో వేళ్ళు నాకుతున్నాడు. ఛీ, అదీ ఒక మనిషి పుట్టుకేనా! అనుకుంది థల్లూసా.

"ఇదీ పోతే... నేనూ వెళ్ళి ఆ పెంట మీదే పడుకుంటానే," లోపలికొచ్చిన థల్లూసాతో అంది వెట్టియా గుసగుసగా.

నుమేరియస్‌కి మనుషులంటే లెక్కలేదు గానీ దెయ్యాలంటే హడలు. థల్లూసా దొడ్డిదారిన, కుండల పక్క గుడిసెలో ఉండే చాకలమ్మాయి హెడోనీ దగ్గరికి పరిగెత్తింది.

"వెనక తలుపు తీసి ఉంచుతా. ఆయన విసిరే గింజలు వెనకే పాకుతూ ఏరు. ఆయన తిరిగి చూడకూడదు, అది నియమం. కాస్త భయపెట్టు, చాలు. పారేసిన పిల్లే వచ్చిందనుకుంటే దీన్నిక పారేయడు."

"దొరికితే నా ప్రాణం తీస్తాడక్కా..." హెడోనీ నసిగింది. "సరేలే. వస్తా."

అర్ధరాత్రి అయింది. దీపాలార్పేశారు. నుమేరియస్ చెప్పుల్లేకుండా నడుస్తూ, నల్ల చిక్కుడు గింజల్ని ఒక్కొక్కటే భుజం మీదుగా వెనక్కి విసరడం మొదలెట్టాడు.

"ఈ గింజలతో నన్నూ నావాళ్ళనీ విడిపించుకుంటున్నా..."

అలా తొమ్మిదిసార్లు అనాలి. దెయ్యాలు గింజలేరుకుని తృప్తిగా వెళ్ళిపోతాయి.

మూడో గింజ పడింది. గుప్పున ఉచ్చకంపు! తలుపు చాటునున్న థల్లూసా హమ్మయ్య అనుకుంది. హెడోనీ వచ్చేసింది.

ఐదో గింజ... నేల మీద ఏదో జరజరా పాకింది. ఆ వెంటనే — చప్... చప్... చప్... చప్పరింపు. ఇది ఇంత బాగా నటిస్తుందని థల్లూసా అనుకోలేదు.

నుమేరియస్ ఎనిమిదో గింజ విసిరాడు. "నన్నూ... నావాళ్ళనీ..."

చప్పరింపు ఆగింది. చల్లగా, తడిగా, ఏదో అతని మడమ పట్టుకుంది.

నుమేరియస్ కెవ్వున అరిచి నట్టింట్లోకి ఉరికాడు. చీకట్లో తడుముకుని బిడ్డని రెండు చేతులా ఎత్తి గుండెకి హత్తుకున్నాడు.

"ఎత్తుకున్నా! నాదే! ఇది నా బిడ్డే!"

దీపాలతో ఇల్లంతా పోగయింది. అందరి ముందూ ఎత్తుకున్న బిడ్డని ఇక పారేయడానికి లేదు. అయ్యగారి కాళ్ళ వెంట కారుతున్నది చూసి అందరూ ముక్కు మూసుకున్నారు. బిడ్డ తల్లి రొమ్ము చేరింది.

తెల్లారగానే థల్లూసా రొట్టె, జున్ను మూటగట్టుకుని హెడోనీ గుడిసెకి వెళ్ళింది.

హెడోనీ తల దించుకుంది. "ఏమనుకోకక్కా. రాత్రి గస్తీవాళ్ళు సందు మొదట్లోనే నిలబడ్డారు. భయమేసి గడప దాటలేదు."

థల్లూసా మూట అక్కడే పెట్టి ఇంటికొచ్చింది. చీపురు తీసి, రాత్రి తంతు జరిగిన చోటికి వెళ్ళి వంగి చూసింది. ఎనిమిది గింజలూ అక్కడే ఉన్నాయి. ఎంగిలి ఇంకా ఆరలేదు. తొక్కలు నాని, నలుపు వెలిసిపోయింది. ఒక్క గింజ మీద కూడా పంటిగాటు లేదు.

పళ్ళు రాని నోరు అది.

ఆవిడ చీపురు గోడకి ఆనించింది. గిన్నెలో గోరువెచ్చటి పాలు పోసుకుని, పట్టపగలు, అందరూ చూస్తుండగా చాకలి మూలకి నడిచింది.