అటు వేరు, ఇటు రంగు

"వేరు నాది!" అన్నారు నరసింగరావు.

"ఆకు నాది!" అన్నారు రాజగోపాల్.

భిలాయ్ సెక్టార్ సిక్స్‌లో పక్కపక్క క్వార్టర్ల ఫోర్‌మెన్లు ఇద్దరూ. ఉక్కు ప్లాంటులో కరిగిన ఇనుము దగ్గర చల్లగా ఉండే ఈ పెద్దమనుషులు, ఒక మనీ ప్లాంట్ దగ్గర మాత్రం కుతకుత ఉడికిపోయేవారు.

నాటింది నరసింగరావే. ఆయన వైపంతా నీడ, అందుకని ఆకులు ఒట్టి పచ్చ. తీగ గోడ దాటి రాజగోపాల్ వైపు పొద్దుటి ఎండ తిన్నాక అరచేతులంత ఆకులేసింది, పసుపూ మీగడ రంగూ కలిసిన చారలతో. అది తొంభై నాలుగో సంవత్సరం, కాలనీ తోటల పోటీకి ఎంట్రీలిచ్చే ఆఖరి రోజు. రాజగోపాల్ తన పేరు వేసేసుకుంటారని నరసింగరావు కత్తెర తీశారు.

కత్తెరకి అడ్డం వచ్చాడు ఆయన కొడుకు లక్ష్మీప్రసాద్. రెండేళ్లుగా తీగకి దారం కట్టే వంకతో రోజూ సాయంత్రం గోడకి ఇటు అతను, అటు రాజగోపాల్ గారమ్మాయి కుముదిని. తీగ పోతే వంకా పోతుంది.

"ఆగండి నాన్నా! జాయింట్ ఎంట్రీ ఉంది," అని ఫారం పరిచాడు.

"బంధువులకేనట్రా అది!"

లక్ష్మీప్రసాద్ కళ్లు మూసుకున్నంత పని చేసి, బంధుత్వం గడిలో 'వియ్యంకులు' అని రాసేశాడు.

రాజగోపాల్ గోడ మీంచి తొంగి చూసి కళ్లజోడు సర్దుకున్నారు. "ఏటిదీ?" అని, కాస్త ఆలోచించి, "ఫస్టు ప్రైజుకి షీల్డిస్తారు గావాల?" అన్నారు.

"షీల్డే. కానీ ముందు నా పేరుండాల."

"అదేటండీ, పిల్లనిచ్చీవోణ్ణి! నాదే ముందుండాల!"

పెళ్లి కుదిరిపోయింది. పేర్ల వరసే కుదరలేదు.

"నన్నెవరైనా అడిగినారేటి?" అంది గోడ అవతల నుంచి కుముదిని. లక్ష్మీప్రసాద్ వైపు తిరిగింది. "రెండేళ్లు దారం కట్టినావు, ఒక్క ముక్క చెప్పినావా? ఇప్పుడు ఫారంలో రాసేస్తావా? నేనేటి, పూలకుండీనా?"

భిలాయ్‌లో పుట్టినవాడికి కంగారొస్తే హిందీయే ముందొస్తుంది.

"వో... మై..."

"తెలుగులో."

"నువ్వంటే నాకిష్టం. చాలా ఇష్టం. తీగ కోసేసినా రోజూ గోడ దగ్గరికొస్తాను."

కుముదిని కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ వచ్చింది. చేయి చాపి ఫారం తీసుకుని నాలుగు ముక్కలు చేసింది.

"పెళ్లికి నేను రెడీ. పోటీకి కాదు."

"అయ్యయ్యో!" అన్నారు తండ్రులిద్దరూ. వియ్యంకులు ఒక్క మాట మీదికి రావడం అదే మొదలు.