ఏడో నంబరు బోయా

"నీకు ఒక అన్న ఉన్నాడు కదూ?" అన్నాడు కర్నల్ కింపో.

ఏజెంట్ జోవెన్ తబూజో ఉలిక్కిపడ్డాడు. ఈ డిపార్ట్‌మెంటులో బాస్ ఇంటి మనుషుల గురించి అడిగాడంటే అది శుభవార్త అయిన దాఖలా లేదు.

"ఉన్నాడు సర్. విరాక్‌లో. చేపల పడవ నడుపుతాడు."

"ఇవాళ ఒడ్డునే ఉండుంటాడులే. పొద్దున్నే మూడో నంబరు తుపాను సిగ్నల్ ఎక్కించారు. దీవిలో ఒక్క పడవ కూడా నీళ్ళలోకి దిగడానికి లేదు."

మనీలాలోని ఆ గదికి కిటికీలు లేవు. జూలై ఉక్కకి ఇద్దరి చొక్కాలూ వీపులకి అంటుకున్నాయి. కింపో బెత్తం తీసుకుని గోడమీది పటంలో ఒక్కో సముద్రాన్నీ తట్టుకుంటూ పోయాడు.

"అట్లాంటిక్ ఇంకా నిద్ర లేవలేదు. హిందూ మహాసముద్రంలో నైరుతి గాలులు, ఎత్తు కెరటాలు, ఏటా ఉండే గోలే. మెక్సికో పక్కన రెండు తుపాన్లు పుట్టాయి, పడమరగా పోయి చల్లటి నీళ్ళలో అవే చస్తాయి. ఇక మనది." బెత్తం విరాక్ ఉన్న కాటాండ్వానెస్ దీవికి తూర్పున ఆగింది. "ఇక్కడో మబ్బుల గుంపు. శాటిలైట్‌లో చూస్తే నానిన దూదిలా ఉంది. కానీ దాని కింద లంగరేసి తేలుతున్న మన వాతావరణ బోయా ఉంది చూడు, ఏడో నంబరుది, అది మాత్రం పీడనం పడిపోతోంది, కెరటాలు ఇంటెత్తు లేస్తున్నాయి అని గంటగంటకీ కబురు పంపుతోంది."

"ఒక్క బోయా మాటేనా సర్?"

"ఆ చుట్టుపక్కల ఉన్నది అదొక్కటే. దాన్ని నమ్మకుండా ఉండి, రేపు నిజంగా తుపానొస్తే? అందుకే వాతావరణ కేంద్రం నమ్మింది. నేనూ నమ్మేవాణ్ణే, ఇది చూడకపోతే." బల్లమీదికి ఒక ఫోటో తోశాడు. తెల్లటి ఓడ. "ఓషన్ చారిటీ. పేరుకి విదేశీ పరిశోధన నౌక. తుపాను మాట వినగానే ఓడలన్నీ పారిపోయాయి. ఇది మాత్రం ఉన్నచోటే ఉంది. క్రిస్మస్‌కి ముందు వీళ్ళు ఆ దీవి పక్కనున్న మన జలసంధి అడుగున ఒక సౌండ్ రికార్డర్ వదిలారు. మన నేవీ ఓడల చప్పుళ్ళన్నీ దాంట్లో ఉన్నాయి. ఆ చప్పుడు వాళ్ళ చేతికి చిక్కిందంటే రేపు యుద్ధంలో మన ఓడని చీకట్లో కూడా పోల్చుకుని కొడతారు. ఇప్పుడు దాన్ని పైకి లాగాలి. ఎప్పుడు చూసినా చేపల పడవలుండే చోట ఎలా లాగుతారు?"

"ముందు సముద్రం ఖాళీ చేయించాలి."

"అది మన చేతే చేయించారు. కోస్ట్‌గార్డ్ బోట్లు కూడా రేవులో తలదాచుకున్నాయి. ఈ తుపాను అబద్ధమని రుజువు పట్టుకురా, సిగ్నల్ దింపిస్తాను. రుజువు లేకుండా దింపామనుకో, తీరా అది నిజం తుపానైతే ముందు మునిగేది మీ అన్నే."

జోవెన్ విరాక్‌లో దిగాడు. వేషం ఇన్సూరెన్స్ ఏజెంటుది, ఇంట్లోవాళ్ళకి చెప్పుకున్న ఉద్యోగమూ అదే. చేతికి కెమెరా ఉన్న గడియారం. వాన పడుతోంది, ఈదురుగాలి కొడుతోంది. జూలైలో అక్కడ ఏ రోజైనా అంతే కాబట్టి దాన్నిబట్టి ఏమీ చెప్పలేం.

హోటల్లో పచ్చ పట్టుగౌనులో ఒకావిడ ఒంటరిగా కూర్చుని పీత తింటోంది. డాక్టర్ లోవెల్లా అర్సెనాస్. ఆ ఓడకి ఒడ్డున సలహాదారు. జీతం వాళ్ళూ ఇస్తారు, మనమూ ఇస్తాం.

"ఈసారి పిలి గింజలు ఎలా ఉన్నాయి?" అన్నాడు జోవెన్.

"పెంకు పగలగొడితేగానీ తెలీదు." కోడ్ సరిపోయింది. ఆవిడ అతని బ్యాగు వైపు చూసి నవ్వింది. "తుపాను రోజున ఇన్సూరెన్స్ అమ్ముకునే వేషమా? నీకంటే రాబందు నయం."

"ఆ అంకెలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?"

"ఓడలోంచే. ఏడో నంబరు బోయా పేరుతో. రాసింది నేనే. ఒక్కో కెరటానికీ ఎంత కష్టపడ్డానో నీకేం తెలుసు?"

"కాగితం మీద రాసి సంతకం పెడతావా?"

"పెడితే సాయంత్రానికి శవమవుతాను. రేపు మధ్యాహ్నం ఓడ జలసంధి లోపలికొస్తుంది. నిజం చెప్పాను కదా, రుజువు సంగతి నువ్వు చూసుకో." పీత డెక్క పటుక్కున విరిచింది. రెండుచోట్ల జీతం తీసుకునేవాళ్ళు ఒక్కచోట కూడా సంతకం పెట్టరు.

జోవెన్ ఉసూరుమంటూ అన్న ఇంటికి నడిచాడు. సిగ్నల్ ఎక్కితే దీవి మొత్తానికి కరెంటు తీసేస్తారు. వీధి వీధంతా మసక. అన్న హెర్మో ఇంట్లో మాత్రం కరవోకే మిషన్ ఊళ్ళోకి వినబడేలా మోగుతోంది. పనిలేక కూర్చున్న పడవవాళ్ళు జిన్ సీసా మధ్యలో పెట్టుకుని వంతులవారీగా గొంతు చించుకుంటున్నారు.

"రారా ఇన్సూరెన్సూ!" హెర్మో తమ్ముణ్ణి కావలించుకున్నాడు. "చచ్చాక డబ్బులిచ్చే ఉద్యోగం నీది, బతికుండగా పస్తులు పెట్టే ఉద్యోగం ఆ వాతావరణం వాళ్ళది. ఎక్కడుందిరా తుపాను? పొయ్యిమీద గిన్నె బోర్లించుకుని కూర్చున్నాం."

"మనోయ్," వాళ్ళ భాషలో అన్నని పిలిచే మాటే వాడాడు జోవెన్, "ఊళ్ళో కరెంటు లేదు కదా. ఈ మిషన్ ఎలా పాడుతోంది?"

పాడుతున్నవాడు మైకు దింపేశాడు. హెర్మో తేలు కుట్టిన దొంగలా మొహం తిప్పుకున్నాడు. జోవెన్ బయటికొచ్చి ఇంటికప్పు వైపు చూశాడు. రేకులమీద సోలార్ ప్యానెల్. దాని అంచున పసుపుపచ్చ రంగు గీకేసినా ఏడు అంకె కనబడుతూనే ఉంది. చూరు కింద బ్యాటరీ పెట్టె.

"సముద్రంలో దొరికింది," వెనకాల్నుంచి అన్నాడు హెర్మో.

"బోల్టులు బిగించినవి దొరకవు మనోయ్. విప్పాలి."

"సరే, విప్పాను. ఆ బోయా నీడకి చేపలు చేరతాయని అందరం దానికే పడవ కట్టుకుంటాం. అది అక్కడ ఊరికే ఊగుతోంది, ఇక్కడ మేలో పిల్లకి చర్చిలో మొదటి కమ్యూనియన్, దాని విందు. పాట లేకుండా విందేంట్రా?"

"అంటే మే నెల నుంచీ?"

"మే నెల నుంచీ. దానికి ప్రాణం లేదు. ఉత్త డబ్బా."

జోవెన్ మళ్ళీ ప్యానెల్ వైపు చూశాడు. బోయా మేలో మూగబోయిందనీ, పోయినవారం దానంతటదే బాగుపడిందనీ మనీలాలో ఫైలు చెబుతోంది. బాగుచేసే ఖర్చు తప్పిందని సంతోషించారే తప్ప ఎలా బాగుపడిందని ఒక్కడూ అడగలేదు. బ్యాటరీ ఇక్కడ పాటలు పాడుతుంటే బోయా అక్కడ తుపాను కబుర్లు ఎలా చెబుతుంది? కావలసిన రుజువు అన్న ఇంటికప్పు మీదే దొరికింది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తమ్ముడు పట్టేశాడు.

అతను గడియారం పైకెత్తాడు. హెర్మో వింతగా చూశాడు. "ఫోటో ఎందుకురా?"

"ఇన్సూరెన్స్‌కి," అన్నాడు జోవెన్. ఆ అబద్ధం ఆడినందుకు వాడి నోరు పడిపోయినా పాపం లేదు.

పెరట్లోకి వెళ్ళి బాస్‌కి ఫోన్ చేశాడు.

"అద్భుతం," అన్నాడు కింపో. "విప్పినవాడి పేరు?"

"పేరు లేకుండా కుదరదా సర్?"

"గాల్లోంచి వచ్చిన ఫోటో చూసి వాతావరణ కేంద్రం వాళ్ళు సిగ్నల్ దింపరయ్యా. ఎవరు విప్పారు, ఎప్పుడు విప్పారు, రాతపూర్వకంగా కావాలంటున్నారు."

లోపల హెర్మో పాట అందుకున్నాడు. శ్రుతి లేదు, సిగ్గూ లేదు, చిన్నప్పుడు తమ్ముణ్ణి నిద్రపుచ్చడానికి పాడిన గొంతే. జోవెన్‌కి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పేరు చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం వరకూ మనీలాలో బల్లలు మారిన కాగితం, ఆఖరికి సిగ్నల్ దింపింది. కబురు రేడియోలో వచ్చీరాగానే పడవలన్నీ ఒక్కుమ్మడిగా నీళ్ళలోకి దూకాయి. అందరికంటే ముందు హెర్మోది. జోవెన్ దాంట్లోనే ఉన్నాడు.

వానతెర దాటగానే తెల్ల ఓడ కనబడింది. నడి జలసంధిలో నిలబడి క్రేన్‌తో కేబుల్ చుడుతోంది. నీళ్ళలోంచి నాచు పట్టిన గొట్టం ఒకటి, ఆ సౌండ్ రికార్డరే, సగం పైకొచ్చింది.

"మనోయ్, దాన్ని ఆపాలి!"

"ఇన్సూరెన్స్‌వాడికి దాంతో ఏం పని?"

జోవెన్ క్షణం తడబడ్డాడు. "వాళ్ళు మన జలసంధిని దోచుకుపోతున్నారు."

హెర్మోకి అది చాలింది. దోచుకోవడం అనే మాట ఆ దీవిలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. వల విప్పి, ఓడ వెనకనుంచి అడ్డంగా చుట్టుకొచ్చాడు. "ఒరే తెల్లోడా, మా వలలమీదికే వస్తావురా? మీ అమ్మ నీకు సముద్రం చూపించలేదా?" వెనక వచ్చినవాళ్ళూ వలలు వదిలారు.

గొట్టం డెక్ అంచుకి చేరింది. ఒక నావికుడు చెయ్యి చాచి దాన్ని పట్టుకోబోయాడు. సరిగ్గా అప్పుడే ఓడ ముందుకి ఉరికింది, ప్రొపెల్లర్ వలలన్నిటినీ మింగి బిగుసుకుపోయింది, ఓడ పక్కకి ఒరిగింది. కేబుల్ కొక్కెం ఊడి గొట్టం జారి హెర్మో పడవలోనే దబ్బున పడింది. జోవెన్ దానిమీద బోర్లా పడుకున్నాడు. రేవులోంచి కోస్ట్‌గార్డ్ సైరన్ వినబడింది.

ఒడ్డుకొచ్చేసరికి జనం హెర్మోని భుజాలమీదికెత్తారు. వాళ్ళు దింపేదాకా ఓపిగ్గా ఆగి, పోలీసులు బేడీలు వేశారు. ప్రభుత్వ ఆస్తి దొంగతనం.

హెర్మో వారెంటు చూశాడు, తమ్ముడి చేతికున్న గడియారం చూశాడు. "మంచి ఇన్సూరెన్సేరా," అన్నాడంతే.

ఓడ కెప్టెన్‌ని రెండు దేశాల స్నేహం దృష్ట్యా విమానమెక్కించి పంపేశారు. లోవెల్లాకి విదేశంలో ఫెలోషిప్ వచ్చింది. కింపోకి ప్రమోషన్ వచ్చింది. మొత్తం వ్యవహారంలో జైలుకెళ్ళినవాడు హెర్మో ఒక్కడే.

ఆగస్టు చివర్లో నిజం తుపాను వచ్చింది. ఏడో నంబరు బోయా పలకలేదు, ప్యానెల్ లేదు కదా. సిగ్నల్ ఎక్కేసరికే ఆలస్యమైంది. హెర్మో పడవలో వేటకెళ్ళిన అతని బావమరుదులిద్దరూ తిరిగి రాలేదు.

నీళ్ళు తీశాక జోవెన్ జైలుకెళ్ళాడు. ఊళ్ళో కప్పు నిలిచిన కట్టడం అదొక్కటే. కటకటాల ముందు నిలబడ్డాడు. 

"ఆ ప్యానెల్ మళ్ళీ బోయాకి పెట్టించలేదా?" అడిగాడు హెర్మో.

"కేసు తేలేదాకా కోర్టు గదిలోనే ఉంచుతారు మనోయ్. సాక్ష్యం."

హెర్మో కటకటాలు పట్టుకుని ముందుకి వంగాడు.

"బాగుందిరా," అన్నాడు. "నేను పెట్టుకుంటే దొంగతనం, మీరు పెట్టుకుంటే సాక్ష్యం. నేను పెట్టుకున్నప్పుడు కనీసం పాటన్నా వినబడేది."