గ్లౌజుకూ స్లీవ్‌కూ మధ్య

ప్లేట్లన్నీ ఖాళీ.

ఇన్‌క్యుబేటర్ తలుపు తీసిన చిట్టి అక్కడే ఆగిపోయింది. నిన్న సాయంత్రం ఆ ఇరవై ప్లేట్లలో బ్యాక్టీరియా పరిచింది. తెల్లారేసరికి చుక్కలు చుక్కలుగా పెరిగి ఉండాలి. ఒక్క చుక్క లేదు. మిగిలిన శాంపిల్ అంతా వాటికే వాడేసింది. పన్నెండింటికి సెలక్షన్ కమిటీ వస్తుంది. ల్యాబ్‌లో ఉన్న ఒకే ఒక్క పర్మనెంట్ పోస్టుకి ఆమె చూపించవలసింది ఆ ప్లేట్లనే.

సేఫ్టీ ఆఫీసర్‌కి కబురు వెళ్లింది. కళ్లద్దాలు లేకుండా ల్యాబ్ గడప దాటితే ఎంతటివాళ్లనైనా కడిగేస్తుంది కాబట్టి ఆవిణ్ని అందరూ గాగుల్స్ మేడమ్ అంటారు.

ఆవిడ వచ్చేసరికే ప్రొఫెసర్ తీర్పు చెప్పేశాడు. ప్లేట్లు పెట్టిన హుడ్‌లో, అంటే ముందు అద్దం ఉన్న పెట్టెలో, చిట్టి యూవీ ల్యాంపు వెలిగించి, ఆ అద్దం దించకుండానే వెళ్లిపోయిందట. క్రిములను చంపే ల్యాంపు అది. పాత హుడ్ కాబట్టి అద్దం ఎత్తి ఉన్నా వెలుగుతుంది. ప్లేట్లు చచ్చింది అందుకేనట. అద్దం ఎత్తి వెలిగిస్తే మనుషులకీ ప్రమాదం కాబట్టి, రూల్ ప్రకారం ఆమెను ఇక ల్యాబ్‌లోకి రానివ్వకూడదు. పోస్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. మేడమ్ ఊఁ అనడమే తరువాయి.

“ల్యాంపు వెలగడం ఎవరు చూశారు?”

“పెద్దక్క.”

పెద్దక్క ల్యాబ్‌లో అందరికన్నా సీనియర్. చిట్టికి పిపెట్ పట్టుకోవడం నేర్పిందే ఆవిడ. అదే పోస్టుకి తనూ అప్లికేషన్ పెట్టింది. కమిటీ చిట్టి ఒక్కదాన్నే పిలిచింది. ఇప్పుడు మూల కుర్చీలో కూర్చుని రుమాలు కళ్లకి అద్దుకుంటోంది. కళ్లు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. రాత్రంతా ఏడ్చిందని, తోడబుట్టినవాళ్లు కూడా ఇంత బాధపడరని ప్రొఫెసర్ మెచ్చుకున్నాడు.

రాత్రంతానా? మేడమ్‌కి ఆ మాట దగ్గర మనసు ఆగింది. ప్లేట్లు ఖాళీ అని తెలిసింది పొద్దున కదా.

ఒక్కొక్కరి స్టేట్‌మెంట్ తీసుకుంది. మూతలు పెట్టిన ప్లేట్లను హుడ్‌లో ఉంచి ఆరింటికి క్యాంటీన్‌కి వెళ్లానని, ముప్పావు గంటలో వచ్చి ఇన్‌క్యుబేటర్‌లోకి మార్చానని చిట్టి చెప్పింది. ల్యాంపు జోలికే పోలేదంది. తాళాలు ఉండేది స్టోర్ బాబాయి దగ్గర. ఆయన ఆ టైంలో వెనక గేటు దగ్గర గ్యాస్ సిలిండర్లు దింపిస్తున్నాడు. లారీ డ్రైవర్ సాక్ష్యం.

“నువ్వేం చేశావమ్మా?” అని పెద్దక్కని అడిగింది.

“ఇటుగా వెళ్తుంటే ల్యాంపు కనిపించింది మేడమ్. బయటున్న స్విచ్ ఆర్పేసి వెళ్లిపోయా. ఒక్క క్షణం కూడా నిలబడలేదు.”

మేడమ్ ఒక ప్లేటు మూత తీసి వెలుతురుకేసి పట్టింది. ఈ ప్లాస్టిక్ గుండా యూవీ దూరదు. ఆ ముక్క తన ట్రైనింగ్‌లో ఏటా చెబుతుంది. ఏటా సగంమంది నిద్రపోతారు. ఫైర్ ఆఫీసర్ ట్రైనింగ్ అయితే మంటలు, నురగ, చప్పట్లు. ఆ చప్పట్లు వినబడినప్పుడల్లా ఆవిడకి ఒళ్లు మండిపోతుంది. అసూయ ఎలా ఉంటుందో ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందరినీ హుడ్ ముందుకి పిలిచింది.

ఆర్పడం మరిచిపోయినవాళ్లు మూతలు తీయరని చెప్పింది. మూతలు తీస్తే తప్ప ప్లేట్లు చావవు. మూతలు తీసి పరిస్తే ఇరవై ఒకేసారి ఈ హుడ్‌లో పట్టవు. కొన్ని తీయాలి, కొన్ని పెట్టాలి. చిట్టి తిరిగొస్తుందేమోనని కంగారు. ప్రతిసారీ ల్యాంపు ఆర్పే వ్యవధి లేదు. అది వెలుగుతుండగానే చేతులు పెట్టారు.

“కోటు స్లీవ్‌లు పైకి లాగండి.”

స్టోర్ బాబాయి చేతులు చాచాడు. చిట్టి చాచింది. ఏమీ లేదు.

పెద్దక్క కదల్లేదు. మేడమే ఆమె స్లీవ్‌లు పైకి జరిపింది. రెండు మణికట్ల చుట్టూ రెండు వేళ్ల వెడల్పున ఎర్రటి పట్టీ. దాని కింద అరచేయి మామూలుగానే ఉంది. పైన మోచేయీ అంతే.

“గ్లౌజులు పడలేదు మేడమ్. అలర్జీ.”

“అలర్జీ గ్లౌజు ఉన్నచోట వస్తుంది. ఇది గ్లౌజు అయిపోయినచోట మొదలై స్లీవ్ దగ్గర ఆగింది. యూవీ కాల్చింది. కళ్లు కూడా అంతే. ఇసుక పోసినట్టు రాత్రి మొదలై ఉంటుంది. కళ్లు ఎర్రబడితే ఏడ్చావని అందరూ అనుకున్నారు. మణికట్టు ఏడవదు కదమ్మా.”

ప్రొఫెసర్ తల దించుకున్నాడు.

“దానికి అన్నీ నేనే నేర్పా,” అంది పెద్దక్క. “ఇప్పుడు నాకు తెలిసింది కూడా అందరూ వెళ్లి దాన్నే అడుగుతారు. పొద్దున లేస్తే దాని పేరే. కడుపు మండిపోయింది మేడమ్.”

చిట్టి కిటికీ దగ్గరకి వెళ్లి పరదా లాగింది. వెలుతురు గుచ్చుకోవడం తగ్గి పెద్దక్క ముఖం కాస్త తేరుకుంది.

“కమిటీకి ఏం చూపిస్తావు?” అంది పెద్దక్క.

“ఖాళీ ప్లేట్లే. ఏం జరిగిందో చెబుతా.”

“నా పేరు కూడానా?”

చిట్టి ఆమె ముఖంలోకే చూసింది. “చెబుతానక్కా.”

ఖాళీ ప్లేట్ల ట్రే ఎత్తుకుని వెళ్లింది. ప్రొఫెసర్ ఆమె వెనకే నడిచాడు. మేడమ్ చేయి చాచింది. పెద్దక్క మెడలోంచి ఎంట్రీ కార్డు తీసి, కళ్లు తెరవకుండానే మేడమ్ చేతిలో పెట్టింది.

“చూశారా మేడమ్,” అంది. “అలా ముఖాన చెప్పి వెళ్లడం నాకు ఏనాడూ రాలేదు. నేను నేర్పకపోయినా, అదీ దానికే వచ్చింది.”