రుక్కమ్మ అరుగు

ఏటిపేటలో ఏ తోటకైనా పోవచ్చు గానీ, పొద్దుగూకితే రాణితోట ఛాయలకు ఎవరూ పోరు. అక్కడ సంపెంగ చెట్టు కింద ఒక రాతి అరుగు ఉంది. అది రుక్కమ్మది.

రుక్కమ్మ సంస్థానం నాటి మనిషి. తుంగభద్ర నుంచి కుండతో నీళ్లు మోసి రాణితోట మొక్కలకు పోసేదట. బతికున్నన్నాళ్లూ ఆ అరుగు మీద ఆమెను కూర్చోనివ్వలేదు — అది దొరసానులు కూర్చునే చోటు. ఒక రాత్రి మోసి మోసి అలిసిపోయి, కుండ దించి, ఆ అరుగు మీదే కూలబడింది... మళ్లీ లేవలేదు. నాకీ సంగతి చెప్పినవాళ్లు గొంతు తగ్గించే చెప్పారు.

అదొక్కటి తప్ప పేట చూడముచ్చటగా ఉంటుంది. పాత కోట గోడ, కింద ఏరు, నాలుగడుగులకో తోట. మున్సిపాలిటీవాళ్లు వాటికి పార్కులని బోర్డులు కూడా రాయించారు. "మీకేందమ్మా, సల్లగ బతుకుతున్నరు" అని పెబ్బేరు నుంచి వచ్చే చుట్టాలు కుళ్లుకునేవాళ్లు.

ఆఫియాకు ఆ మాట వింటే ఒళ్లు మండేది. గోపాల్‌పేట నుంచి కోడలిగా వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఇది రెండువేల ఆరు నాటి మాట. పగలంతా ఒక చిన్న దవాఖానలో నర్సు పని — సూదులు, కట్లు, సెలైన్లు. ఇంటికొస్తే మంచాన పడ్డ మామ, మోకాళ్ల నొప్పుల అత్త జమీలాబీ, గిన్నెల కుప్ప. భర్త ఇలియాస్ లారీ ఎక్కాడంటే ఎప్పుడొస్తాడో తెలియదు.

ఇన్ని తోటలున్న పేటలో ఆమె కూర్చోవడానికి ఇంత చోటు లేదు. పగలు పార్కుల నిండా పేకాట, సాయంత్రం ముసలాళ్ల ముచ్చట్లు. ఆడది ఒంటరిగా కూర్చుంటే చాలు — "ఏంది బిడ్డా, గిట్ల కూసున్నవ్? ఇంట్ల ఏమన్న లొల్లా?"

అందుకే చీకటి పడ్డాక డ్యూటీ దిగి రాణితోట అడ్డదారి పట్టేది. రుక్కమ్మ కథ ఆమెకు తెలియదు కదా! అక్కడ ఎవరూ ఉండరు, అదే ఆమెకు కావాలి. అరుగు మీద కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్లు పిసుక్కుని, సీసాలో నీళ్లు తాగేది. రోజు మొత్తంలో ఆ కాసేపే ఆమె సొంతం.

ఒకరోజు పక్కింటి ఎంకమ్మ గోడ మీదుగా పిలిచి, రుక్కమ్మ కథంతా చెప్పి, గుసగుసగా అంది.

"ఆ రాణితోట దిక్కు పోకు ఆఫియా... రుక్కమ్మ మళ్ల కనవడుతుంది. మా ఇంటాయన సూసిండు."

"ఏం సూసిండు అక్కా?"

"తెల్ల బట్టలు... తల వంచుకోని కూసుందంట. కాళ్లు పిసుక్కుంటుందంట... నీళ్లు తాగుతుందంట! దెబ్బకు జరం పట్టుకుంది ఆయనకు."

అల్లా... తను రోజూ కూర్చునేది దెయ్యం చోట్లోనా?

ఆ రోజు నుంచి చుట్టుదారిన, కోట బజారు మీదుగా పోయింది. ఎక్కడా కూర్చోలేదు. కాళ్లు వాచాయి. సూది తప్పుచోట గుచ్చబోయి డాక్టరు చేత నలుగురిలో తిట్లు తింది. ఇంట్లో మామకు అన్నం కలుపుతూనే కునుకు తీసింది.

"అన్నంల పడేటట్టున్నవ్ బేటీ," అని జమీలాబీ కసిరింది.

గిన్నెలు తోముతూ ఏడ్చింది ఆఫియా. ఏడుస్తుంటే ఎంకమ్మ మాటలు గుర్తొచ్చాయి. తెల్ల బట్టలు... కాళ్లు పిసుక్కోవడం... నీళ్లు తాగడం...

తలుపు మేకుకు ఆమె దవాఖాన తెల్లకోటు వేలాడుతోంది. దాన్ని చూసి పకపకా నవ్వింది.

"ఏమైంది బేటీ?"

"ఏం లేదు అమ్మీ."

ఎవరికీ చెప్పలేదు. చెబితే తెల్లారేసరికి ఆ అరుగు మీదా పేకాట పడదూ! ఎంకమ్మ మొగుడి జ్వరానికి పాపమనిపించింది గానీ, తన కాళ్ల మీద అంతకన్నా ఎక్కువ జాలి కలిగింది.

మర్నాటి రాత్రి తోటలోకి దర్జాగా నడిచింది. కరెంటు పోయింది. చీకట్లో సంపెంగ వాసన, కింద ఏటి చప్పుడు. అరుగు మీద కూలబడి చెప్పులు విడిచింది. హమ్మయ్య...

దబ్ —

పక్కనే. నిండు కుండ నేల మీద దించిన చప్పుడు.

ఆఫియా తల తిప్పలేదు. పెదాలు కదిలీ కదలకుండా, దెయ్యాల్ని దూరం పెట్టే ఖురాన్ వాక్యం ఆయతుల్ కుర్సీ మొదలుపెట్టింది. చివరిదాకా చదివింది. అయినా... తడి మట్టి వాసన పోలేదు.

"మంచిగ సదివినవ్ బిడ్డా," అంది ఒక గొంతు. బాగా అలిసిపోయిన గొంతు. "గిన్ని దినాలు ఏడికి పోయినవ్? జర జరుగు... నాకు గూడ కాళ్లు గుంజుతున్నయ్."

లేచి పరుగెత్తాలి. ఎవరైనా అదే చేస్తారు. కానీ పరుగెత్తే సత్తువే ఉంటే ఆమె ఇక్కడ ఎందుకు కూర్చుంటుంది?

ఆఫియా కాస్త జరిగింది. సీసాలో మిగిలిన నీళ్లు మెల్లగా అటువైపు తోసింది.

కాసేపటికి... చీకట్లో గుటకలు వినిపించాయి.