గంటకో విజిల్

పరుగు!

కొబ్బరితోట. చీకటి. బూట్ల కింద ఎండుమట్టలు ఫటఫటా విరుగుతున్నాయి. కోదండరామన్ పరుగెత్తుతున్నాడు. యాభై ఆరేళ్ల జైలు వార్డరు. మోకాళ్లు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి... అయినా ఆగడం లేదు!

తెల్లవారుజాము ఐదు దాటింది.

గంట కిందట జైలు వంటింట్లోంచి ఒక ఖైదీ పారిపోయాడు. పేరు నల్లసామి. వయసు అరవై మూడు. పొంగల్ వండే వాళ్లతో పాటు నాలుగింటికి గదిలోంచి బయటికి వదిలారు. పాలవ్యాను లోపలికి వచ్చింది. గేటు తెరిచే ఉంది. అంతే... మనిషి లేడు!

కూరగాయల కత్తి కూడా లేదు.

అదే కొంప ముంచింది.

"కత్తి ఉందంట అన్నా!" పక్కన శరవణకుమార్ రొప్పుతున్నాడు. సాయుధ పోలీసు. ఉద్యోగంలో చేరి ఏడు నెలలు. చేతిలో రైఫిల్. "మీదికి వస్తే కాల్చమన్నారు."

"మీదికొచ్చే మనిషి కాదప్పా. నాకు తెలుసు."

"మంచోడైతే ఎందుకన్నా పారిపోయినాడు? గేటు దాటి పరుగెత్తాడు కదా!"

కోదండరామన్ అడుగు వేగం పెంచాడు.

ఒక్కటే తెలుసు. ఆ రైఫిల్ కంటే ముందు తను చేరాలి. నల్లసామిని ప్రాణాలతో పట్టుకోవాలి!

మాట ఇచ్చాడు మరి. ప్రతి మంగళవారం ములాఖత్‌కి నల్లసామి పెళ్లాం రామాయి వస్తుంది. "మాయన్ని నీ చేతిలో పెట్టుండాను అల్లుడా," అంది తెలుగులో. జైలంతా తమిళం. ఆ ముగ్గురి మధ్యే తెలుగు. చుట్టరికం ఏమీ లేదు. ఇంట్లో మాట్లాడే మాట చెవిన పడితే చాలు, వరస దానంతటదే కలుస్తుంది.

నల్లసామి చేసిన నేరం? మొక్కలు ఎండిపోతుంటే కాలవ షట్టర్ తాళం పగలగొట్టాడు. విచారణ ఖైదీ అన్నారు. ఐదు నెలలైంది. విచారణ లేదు... ఖైదు మాత్రం ఉంది!

అదేం జైలని! మేలకరడు సబ్ జైలు. గేటు మీద తెల్లదొర కాలం నాటి రాతిపలక... 'ఇరవై నలుగురికి' అని చెక్కి ఉంది. అంతకుముందు అది శిస్తు ధాన్యం దాచే గోదాం. గింజలకి కట్టిన గోడల మధ్య మనుషుల్ని పోశారు. నూట పదేళ్లలో ఊరు పెరిగింది. కేసులు పెరిగాయి. గోడలు ఎవరూ జరపలేదు. నిన్న సాయంత్రం లెక్క నూట పద్దెనిమిది.

ఇసకేస్తే రాలదు.

అక్కడ ఎవరూ వెల్లకిలా పడుకోకూడదు. అంత చోటు లేదు. మోకాళ్లు ముడిచి, ఒకరి వీపుకి ఒకరు అతుక్కుని, అందరూ ఒకే పక్కకి! ఒక్కడే అటు తిరుగుదామంటే కుదరదు. అందుకే గంటకో విజిల్. వార్డరు ఊదుతాడు... వరసంతా ఒక్క ఊపున రెండో పక్కకి తిరుగుతుంది. కళ్లు కూడా తెరవరు!

ఆ విజిల్ ఊదేది కోదండరామనే. ఇరవై రెండేళ్లుగా.

"అల్లుడా, ఒక్క దినం కాళ్లు చాపి పండుకోవల్ల," అన్నాడు మొన్న నల్లసామి. "ఇంగేమీ వొద్దు నాకు."

కోదండరామన్ నవ్వేశాడు. ఆ నవ్వు ఇప్పుడు గుండెలో ముల్లులా దిగింది.

ఠక్కున ఆగాడు!

తెలిసిపోయింది... ఎక్కడ ఉంటాడో!

"తమ్ముడూ, నువ్వు కాలవ గట్టు పట్టుకుని పో. నేనిటు చూస్తాను."

శరవణకుమార్ అటు. తను ఇటు. ఉడుమలైపేట రోడ్డు పక్కన నల్లసామి తోట. బావి. మోటారు షెడ్డు. దాని వెనక...

ఉన్నాడు!

నేల మీద. వెల్లకిలా. చేతులు బార చాపి, కాళ్లు నిలువునా చాపి... గురక పెడుతున్నాడు!

కోదండరామన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ నిద్ర కోసమా మామా, ఇంత దూరం వచ్చావు?

లేపబుద్ధి కాలేదు. ఐదు నిమిషాలు పడుకోనీ. తర్వాత తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు.

జేబులో ఫోన్ అదిరింది. నిద్ర చెడకూడదని దూరంగా, బావి అవతలికి నడిచాడు. జైలు గుమాస్తా కల్యాణసుందరం!

"కత్తి దొరికిందయ్యా! ఉల్లిపొట్టు కింద ఉంది."

"అమ్మయ్య..."

"ఇంకోటి విను. నల్లసామి ఫైలు కోసం వెతికితే బెయిల్ కాగితం దొరికింది. శుక్రవారమే వచ్చింది! ఇన్ని కట్టల్లో అడుగున పడిపోయింది."

ఈ రోజు సోమవారం.

మూడు రాత్రులు! బెయిల్ వచ్చిన మనిషి మూడు రాత్రులు ముడుచుకుని పడుకున్నాడు!

"మరి పారిపోయిన కేసు?"

"ఇంకా ఎక్కడ రాశాను? గబాన తీసుకురా. మధ్యాహ్నానికి ఇంటికి పంపేద్దాం."

కోదండరామన్ వెనక్కి పరుగు. నవ్వొస్తోంది. ఏడుపొస్తోంది. మామా, లే! మీ రామాయి దగ్గరికి పో!

అప్పుడే త్రీ ఫేజ్ కరెంటు వచ్చింది. మోటారు దానంతటదే ఆన్ అయింది. దడదడదడ!

షెడ్డు అవతల, కాలవ గట్టు మీద... శరవణకుమార్!

రైఫిల్ భుజానికి ఆనించి ఉంది. గొట్టం నల్లసామి వైపు. ఏదో అరుస్తున్నాడు. మోటారు మోతలో వినపడటం లేదు. నిద్రపోయేవాడికి అసలే వినపడదు. మసక వెలుతురు. కత్తి దొరికిన సంగతి ఆ కుర్రాడికి తెలీదు. వేలు ట్రిగ్గర్ మీద ఉంది.

"కాల్చొద్దు! తమ్ముడూ, కాల్చొద్దు!"

వినపడలేదు. ఇంకా నలభై అడుగులు...

చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది.

విజిల్!

ఊపిరంతా పోసి ఊదాడు. శరవణకుమార్ ఉలిక్కిపడ్డాడు.

నల్లసామికి ఆ ఒక్క చప్పుడు మాత్రం వినపడింది. కళ్లు తెరవలేదు. మోకాళ్లు ముడిచాడు. ఒక్క ఊపున... రెండో పక్కకి తిరిగాడు.

ఢాం!

మోటారు ఆడుతూనే ఉంది. తొట్టిలో నీళ్లు పడుతూనే ఉన్నాయి. "కదిలాడన్నా... మీదికి లేస్తున్నాడనుకున్నా..." శరవణకుమార్ ఏడుస్తున్నాడు.

కోదండరామన్ విజిల్‌ని బావిలో పడేశాడు. నల్లసామి పక్కన కూర్చున్నాడు. ముడుచుకున్న ఆ కాళ్లు రెండూ పట్టుకుని, మెల్లగా చాపాడు.