పెట్ట గుడ్ల మీదున్న వేళ

మార్చి నెలాఖరుకి మా గోపన్‌పల్లిలో వేపపూత వాసనా, తడి సిమెంటు వాసనా కలిసి వీస్తాయి. మాది రెండు గదుల పాత ఇల్లు. వెనక గోడ దాటితే పన్నెండంతస్తుల అపార్ట్‌మెంటు. అందులో అయిదో అంతస్తులో వెంకట్ సార్, ఆయన భార్య రసజ్ఞ ఉండేవాళ్ళు. కాకినాడ మనుషులు. సార్ హైటెక్ సిటీలో టీమ్ లీడ్. నేను వాళ్ళ కంపెనీకే క్యాబ్ నడుపుతాను. పొద్దున్నే సార్‌ని ఎక్కించుకోవడం, ఆఫీసు గేటు దగ్గర దింపడం నా డ్యూటీ.

మా నాన్న రామచంద్రం ఒకప్పుడు కౌజుపిట్టలు పట్టేవాడు. చుట్టూ బిల్డింగులు లేచాక మానేశాడు. ఒక్క పిట్టను మాత్రం పంజరంలో ఉంచుకున్నాడు. దాన్ని దీమం పిట్ట అంటారు. పొదల్లో పెడితే అది కూస్తుంది. ఆ కూతకి బయటి పిట్ట ఒళ్ళు మరిచి వస్తుంది, పంజరం చుట్టూ పరిచిన ఉచ్చుల్లో కాలు పెడుతుంది.

ఆ కూత బాల్కనీలోంచి విని వెంకట్ సార్ ఒకరోజు మా ఇంటికి దిగొచ్చాడు. వేట అంటే ఆయనకి పిచ్చి. ఫోన్లో వీడియోలు చూసి పెంచుకున్న పిచ్చి.

"వేటకి సరైన టైమ్ ఏదండీ, రామచంద్రం గారూ?"

"పొద్దు పొడవక ముందు, సారూ. పెట్ట గుడ్ల మీద కూసున్నదనుకో, మగపిట్ట ఒంటరిగుంటది. గప్పుడు ఏ కూత ఇన్నా ఉరికొస్తది." నాన్న బీడీ ఆర్పి అన్నాడు. "గందుకే గప్పుడు పోవద్దు. దాన్ని పడితే గూడు చల్లబడుతది. పట్టినోని ఇల్లు గూడ."

సార్ మొదటి సగమే విన్నాడు. చదువుకున్నవాళ్ళ చెవులు అంతే, కావాల్సింది చేరగానే మూసుకుపోతాయి. మూడు వారాలపాటు కూతలు రికార్డు చేసి, ఏ రోజు ఏ నిమిషానికి ఎన్నిసార్లు కూసిందో ల్యాప్‌టాప్‌లో పట్టిక గీశాడు. ఏప్రిల్ మొదటి వారం, ఐదూ నలభై. అదే సరైన వేళ అని తేల్చాడు. పట్టనని, ఊరికే రికార్డు చేస్తానని నాన్నకి మాటిచ్చాడట.

ఏప్రిల్ రెండున నాన్న పంజరం తీసుకుని బయటికెళ్ళాడు. తిరిగి రాలేదు.

ఊరంతా వెతుకుతుంటే సారే నా దగ్గరికొచ్చి, "పొద్దున చందానగర్ వైపు నడిచి వెళ్తుంటే చూశాను సాయిచంద్" అన్నాడు. రెండు రోజులు చందానగర్ మార్కెట్లో దుకాణం దుకాణం తిరిగాను. మూడో రోజు నాన్న దొరికాడు... యూనివర్సిటీ గోడ వెనక పాత రాళ్ళ క్వారీ గుంతలో. తొడ ఎముక విరిగి, గుంత మూలనున్న పాచినీళ్ళ దాకా కూడా పాకలేకపోయాడు. రెండో రోజు సాయంత్రం దాకా ప్రాణం ఉండిందని దవాఖానలో చెప్పారు. దాహానికి పోయాడు. పంజరం గట్టు మీద ఉంది. పిట్ట బతికే ఉంది. కానీ ఆ రోజు నుంచి కూయడం మానేసింది.

రసజ్ఞ పది రోజులు మా ఇంటికి క్యారేజీ పంపింది. అన్నయ్యా అని పిలిచేది. ఆమెకేమీ తెలియదు. ఈ మాట ముందే చెప్పాలి.

నాకు తెలిసింది జనవరిలో. కారెక్కగానే సార్ ఫోన్ దానంతటదే స్టీరియోకి కలిసింది. స్పీకర్లలో ముందు పిట్ట కూత. తర్వాత నాన్న గొంతు.

"ఉచ్చు తియ్యండి సారూ... పెట్ట గుడ్ల మీదున్నది... జరుగుండి, నేనే తీస్త..."

రాళ్ళు జారిన చప్పుడు. చాలా కింద నుంచి, "సారూ... జర తాడు తెండి సారూ..." తర్వాత ఎవరో రొప్పుతూ పరిగెత్తిన అడుగులు.

సార్ ఫోన్ మీద పడ్డట్టు నొక్కి ఆపాడు. "ఏదో యూట్యూబ్ వీడియో" అన్నాడు. స్టీరియో తెర మీద ఆ రికార్డింగు తేదీ ఇంకా కనిపిస్తోంది. ఏప్రిల్ రెండు. నేను అద్దంలో ఆయన మొహం చూశాను. అయినా టైముకే ఆఫీసు గేటు దగ్గర దింపాను.

పోలీసుల దగ్గరికి పోవచ్చు కదా అంటారు. కాలు జారి పడ్డాడని రాసుకుంటారు. ఆయన వకీలును పెట్టుకుని మళ్ళీ నా కారులోనే వెనక సీట్లో కూర్చుంటాడు. నాకు కేసు వద్దు. ఆ గుంత అడుగున ఆయన తాడు అడగాలి. అది వినాలి నేను.

రసజ్ఞకి నెలలు నిండుతున్నాయి. మార్చి ఇరవైన పురిటికి పుట్టింటికి బయల్దేరింది. లింగంపల్లి స్టేషన్‌కి నేనే తీసుకెళ్ళాను. "ఆయన్ని కాస్త చూస్తుండండి అన్నయ్యా, ఒంటరిగా ఉండలేరు" అంది. ఒంటరి అన్న మాట వినగానే నాన్న చెప్పిన లెక్క గుర్తొచ్చింది. నా వేటకీ వేళ దొరికింది.

దాన్ని పడితే ఏమవుతుందని నాన్న చెప్పాడో అదీ గుర్తొచ్చింది. పక్కకి నెట్టేశాను.

మూడు రోజులకే సార్ మొహం పీక్కుపోయింది. కారులో గొంతు తగ్గించి అడిగాడు.

"మీ పిట్ట మళ్ళీ కూస్తోందా సాయిచంద్?"

"ఏమైంది సార్?"

"రోజూ ఐదూ నలభైకే. ఆ కూత వింటే... కాళ్ళు ఆగట్లేదయ్యా. నిన్న లిఫ్ట్ దాకా వచ్చేశాను. చెప్పులు కూడా లేవు."

నా పిట్ట ఏడాదిగా నోరు తెరవలేదు. అయినా అన్నాను, "అవును సార్, జోడు కోసం కూస్తుంది."

ఏప్రిల్ రెండు తెల్లవారకముందే పంజరం తీసుకుని క్వారీకి వెళ్ళాను. గచ్చకాయ పొద వెనక, నాన్న కూర్చునే చోటే కూర్చున్నాను. దూరంగా ఐటీ టవర్ల ఎర్ర దీపాలు. గుంతలోంచి పాచినీళ్ళ వాసన. గాలి లేదు. సార్‌ని రమ్మని నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదని ఎందుకో తెలుసు.

ఐదూ నలభై.

కటీత్ర... కటీత్ర... కటీత్ర...

పంజరం వైపు చూశాను. పిట్ట ముక్కు మూసుకునే ఉంది. మూలకి నక్కి వణుకుతోంది.

కూత గుంతలోంచి వస్తోంది.

అడుగుల చప్పుడు. వెంకట్ సార్. బనియన్, లుంగీ. వట్టి కాళ్ళు. కళ్ళు తెరిచే ఉన్నాయి, నా పక్క నుంచే నడిచాడు, నన్ను చూడలేదు. ఇంకో పది అడుగులు. ఎనిమిది. ఒక్క కేక వేస్తే ఆగిపోతాడు...

అప్పుడు నా మెడ వెనక బీడీ వాసన వచ్చింది.

"వద్దు బిడ్డా..." చెవిలోనే అన్నట్టు. "పెట్ట గుడ్ల మీదున్నది."

అది నాన్న గొంతు. నూటికి నూరుపాళ్ళు నాన్న గొంతే. నాన్న నా వెనక ఉంటే... కింద కూస్తున్నది ఎవరు?

కేక గొంతు దాకా వచ్చింది. పళ్ళు బిగబట్టాను. చందానగర్‌లో నేను తిరిగిన రెండు రోజులు తలుచుకున్నాను. నాలుగు అడుగులు. రెండు.

రాళ్ళు జారాయి.

చాలాసేపటికి కింద నుంచి వచ్చింది, మేలుకున్న మనిషి గొంతు. "ఎవరండీ... ఎవరైనా ఉన్నారా... తాడు..."

విన్నాను. కడుపునిండా విన్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఏడాది తర్వాత ఆ రోజే నాకు ఆకలేసింది. పంజరం తీసుకుని ఇంటికొచ్చి డ్యూటీకి వెళ్ళాను. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ సార్ ఏడని అడిగితే, "చందానగర్ వైపు పోతుంటే చూసిన" అన్నాను.

మూడో రోజు దొరికాడు, నాన్నలాగే ప్రాణం లేకుండా. ఏప్రిల్ రెండు పొద్దున్నే కాకినాడలో రసజ్ఞకి కొడుకు పుట్టాడని అప్పుడే తెలిసింది.

నాన్న పోయినప్పటి నుంచీ ఇంట్లో నేనొక్కణ్ణే. నిన్న తెల్లవారకముందు ఫోన్ మోగింది. రసజ్ఞ. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"అన్నయ్యా, ఒకటి అడుగుతాను, పిచ్చిదనుకోకండి. బాబు పుట్టాక ఇంతవరకూ ఏడవలేదండి. డాక్టర్లు బాగానే ఉన్నాడంటున్నారు. కానీ రోజూ ఈ వేళకి... ఏదో పిట్టలా... మీ నాన్నగారి పిట్ట ఎలా కూసేదండీ?"

నేను నోరు విప్పేలోపే ఫోన్ బాబు దగ్గర పెట్టింది.

కటీత్ర... కటీత్ర...

చూరు కింద పంజరంలో పిట్ట ఏడాది తర్వాత బదులు పలికింది.

ఆ తర్వాత కాసేపు నాకు గుర్తులేదు. మడమలో ముల్లు దిగి తెలివి వచ్చింది. ఫోన్ చెవి దగ్గరే ఉంది. నేను ఇంట్లో లేను. యూనివర్సిటీ గోడ పక్క కాలిబాటలో నిలబడి ఉన్నాను, వట్టి కాళ్ళతో. పాచినీళ్ళ వాసన వస్తోంది.

"వింటున్నారా అన్నయ్యా?" అంటోంది రసజ్ఞ. "ఫ్లాట్ ఖాళీ చెయ్యాలి, ఆదివారం వస్తున్నాం. మీరే స్టేషన్‌కి రావాలండి. బాబుని ముందు మీ చేతికే ఇస్తాను."

రైలు లింగంపల్లికి ఐదూ నలభైకి వస్తుందట.